ఇరవైనాలుగు నుంచి నూటఐదు దాకా

త్బిలిసిలో ఎండువంతెన దగ్గర, శనివారం సంత.
తుప్పు పట్టిన పతకాలకీ ఒంటి చెవిపోగులకీ మధ్య
ఊలు మేజోడులో దూర్చిన లెన్సుని
పసిపిల్లని చూపించినట్టు తీసి చూపించాడు ఒతియా.
"ఇరవైనాలుగు నుంచి నూటఐదు.
ఇదొక్కటి తగిలించుకో, ఇంక సంచీ మొయ్యక్కర్లేదు."

అన్నీ వచ్చన్నవాడికి అంట్లు తోమడం కూడా రాదని
నా అనుభవం.
"మూడ్రోజులు వాడి చూడు. నచ్చకపోతే తెచ్చెయ్యి.
మేజోడు మాత్రం మర్చిపోకు" అన్నాడు.

మొదట రొట్టెల కొట్టు.
జుజునా నడుం దాకా బట్టీలోకి వంగి
లోపలి గోడకి పిండి అంటిస్తోంది.
నాలుగు దగ్గరే ఆగిపోయింది అపెర్చరు.
ఇంకాస్త తెరవమంటే
అప్పడిగిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.
ఆమె చేతులు అలుక్కుపోయాయి.
రొట్టె బాగానే వచ్చింది,
రొట్టె కదలదు కదా.

బయట ఎదుటి మెట్ల మీద
చెవికి పసుపు బిళ్ళ ఉన్న కుక్క నిద్రపోతోంది.
నూటఐదుకి తిప్పాను.
ముక్కు మీద తడి, మీసాల్లో ఇరుక్కున్న రొట్టెపొడి.
నేను దగ్గరికి వెళ్ళలేదు, అది లేవలేదు.
పుస్తకంలో రాసుకున్నాను: ఇక్కడ బావుంది.

రెండో రోజు తప్పులు పట్టడానికే బయల్దేరాను.
నది మీద పొద్దుకి ఎదురు పెడితే
ఫొటో నిండా ఆకుపచ్చ వడియాలు.
వసారాలోంచి కిందికి వంచితే
గొట్టం దానంతటదే జారి
ముసలాయన కింది పెదవిలా వేలాడింది.
కొత్తిమీర కట్టకున్న రబ్బరుబ్యాండు తీసి చుట్టాను.

సాయంత్రం అసలు పరీక్ష, ఇటుక గోడ.
ముక్కాలిపీట వేసి, మట్టం చూసి,
ఇరవైనాలుగులో నొక్కాను.
గోడ మధ్యలో పొట్ట.
అనుకున్నదే, వెడల్పులో అన్నీ ఉబ్బుతాయి.
ముప్పయ్యైదు: పొట్ట.
యాభై: పొట్ట.
లెక్క ప్రకారం డెబ్బైలో నిటారుగా నిలబడాలి,
అక్కడా విందు భోజనం చేసి లేచినవాడి పొట్టే.
ఒతియాని తిట్టడానికి ఫోను తీశాను.

"లెన్సునెందుకంటావు" అంది మ్జెవినార్, తాడు మీద దుప్పటి పరుస్తూ.
"నిరుడు చలికాలం నుంచీ ఉబ్బుతోంది, గోడే.
రాత్రుళ్ళు లోపల ఇసుక రాలుతుంది.
వింటూ పడుకుంటాను."

పదకొండేళ్ళుగా ఆ గోడ పక్క నుంచే నా నడక.
ఆడలేక మద్దెల ఓడంటారు.
ఇక్కడ మద్దెల సరిగ్గానే మోగింది.

మూడో రోజు వెడల్పులో ఇల్లంతా తీశాను,
ఎదురు వసారా ఎక్కి దూరంలో కప్పు అంచు,
మధ్యలో ఎక్కడో పగుళ్ళు, పక్కన కొలతకి అగ్గిపెట్టె.
లెన్సు ఒక్కసారీ మార్చలేదు.
"నన్ను పడనివ్వకు" అని మ్జెవినార్
చెయ్యి మాత్రం చాచి, పక్కకి ఒదిగి నిలబడింది.

"ఎలా ఉంది?" అడిగాడు ఒతియా.
"చీకట్లో పనికిరాదు. ఎండకి బెదురుతుంది.
బోర్లిస్తే జారుతుంది."
"మరి?"
"ఇరవై తగ్గించు."
"మేజోడేదీ?"
"ఉతికి ఆరేశాను."

మూలల్లో పదును తగ్గుతుంది, అది నిజం.
ఎడమవైపు కింద, తడిసిన సున్నంలా మెత్తగా
అగ్గిపెట్టె పట్టుకున్న చెయ్యి,
నీలం పూల గౌను అంచు.
అర్జీతో పెట్టేటప్పుడు అది కత్తిరించమన్నాడు గుమాస్తా.
వినపడనట్టు ఊరుకున్నాను.