మూడోవాడి కుర్చీ

టార్టూలో మంచు. వివాదాల ఆఫీసులో హీటర్ మూలుగు.
ఎదురుగా హెల్యు. ఆన్‌లైన్‌లో
ఊలు చేతితొడుగులు అమ్ముతుంది.
నలభై జతలు ఆర్డరిచ్చినవాడు
చేతులు దులుపుకున్నాడు: "నేను కాదు."

"అతనే, నాకు తెలుసు.
సందేశం మీద మా రహస్య ముద్ర సరిపోయింది."

సరిపోయింది, నిజమే.
కానీ ఆ ముద్ర వేసే తాళంచెవి
అతని దగ్గరొకటి, మీ దగ్గరొకటి.
రాత్రి కూర్చుని మీరే రాసుకున్నారంటే
నేనేం చెప్పను?

ఆ ప్రోటోకాల్ రాసినవాళ్లు
దొంగని గుమ్మం బయటే ఆపారు.
లోపలి ఇద్దరూ తగువాడుకుంటారని తోచలేదు,
నాకో కుర్చీ వెయ్యలేదు.

ఆమె ఒక తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.
బొటనవేలి లోపల
ఎర్రదారంతో వంకర కుట్టు.
"ఇలా కుట్టేది నేనొక్కదాన్నే.
కాదని ఎలా అనను?"

ఫైల్లో ఏం రాయాలో తెలీక
తొడుగు తిరగేసి చూస్తున్నాను.