తెల్లగా మిగిలిన సీసా

"భూమికి మూడు పాళ్లు నీరు" అని
పాఠం మొదలుపెట్టాలనుకున్నాను.
సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది,
కిటికీలోంచి వాసన వచ్చింది,
కుళ్లిన గుడ్డూ ఇనుప తుప్పూ కలిసిన వాసన.
జెరోల్డీన్ చెయ్యెత్తకుండానే లేచి
"టీచర్, క్రీఫ్‌లు నడిచొచ్చేశాయి" అంది.

బోర్డు అక్కడే ఉంది. పాఠం ఒడ్డుకి పోయింది.

ఎలాండ్స్ బే ఇసక పొడుగునా
క్రీఫ్‌లు, మన రాతిరొయ్యలు.
ఎర్రటి పెంకులు ఒకదానిమీదొకటి ఎక్కి
మీసాలు చాచి
గాలినే నీళ్లనుకుని తడుముకుంటున్నాయి.
సముద్రంలో పుట్టినవి
సముద్రం నుంచి పారిపోవాల్సొస్తే
ఎటు పోతాయి?
మనవైపే వచ్చాయి. పాపం, మనవైపే.

గాలితో మొదలుపెట్టాను.
ఆగ్నేయపు గాలి. పేరులో నిప్పు, చేతలో చలి.
అది వీస్తే పైనీరు ఒడ్డుని వదిలి
గాలికి ఎడంపక్కగా జరుగుతుంది
(తిరిగే నేలమీద నిలబడ్డవాళ్లం,
మన దగ్గర ఏదీ తిన్నగా పోదు).
ఖాళీ అయిన చోటికి
అడుగునుంచి చల్లటి నీరు లేస్తుంది,
ఎప్పుడెప్పుడో కిందికి రాలిన చావులన్నిట్నీ
ఎరువుగా మోసుకుని.
వెలుతురు తగిలిందా, పచ్చన.
చెట్టు కాదు, గడ్డి కాదు,
గోరంత చుక్కలో వందలు పట్టే
గాజుడబ్బీల్లాంటి ప్రాణాలు.
వాటిని మేసేదొకటి, దాన్ని మింగే సార్డీన్,
సార్డీన్ మీదికి రెక్కలు ముడిచి దూకే గానెట్,
కెల్ప్ అడవి పక్కన మాటేసిన సీలు,
చివరాఖర్న
మీ అమ్మ పెనం.

"గాలి ఆగిపోతే?" అన్నాడు దెవాల్డో.

పది రోజులైంది ఆగి.
తినేవాళ్లకంటే తిండి ఎక్కువై
నీరు ఎర్రబడింది, మీరే చూశారు.
ఆ ఎరుపంతా చచ్చి అడుక్కి దిగింది.
కుళ్లబెట్టడం కూడా ఒక పనే,
పనివాళ్లకీ ఊపిరి కావాలి.
కంటికి కనబడని ఆ పనివాళ్లు
ఉన్నదంతా పీల్చేశారు.

మోకాలి లోతుకి దిగి సీసా ముంచాను.
బుడగ లేకుండా మూత, రెండు మందుల చుక్కలు.
"ఊపిరి ఉంటే గోధుమరంగు తిరుగుతుంది,
లేకుంటే తెల్లగానే ఉంటుంది" అన్నాను.
ఊపాను. పిల్లలంతా తలలు దగ్గరికి చేర్చారు.
విరిగిన పాలలా
తెలుపు.
ఇంకాసేపు ఊపాను, ఎందుకో.
తెలుపే.

అపొల్లిస్ తాత పడవ అంచున కూర్చుని నవ్వాడు.
"నీ గాజుసీసా ఇవాళ చెప్పింది,
నా ముక్కు నిన్న సాయంత్రమే చెప్పింది."
"ముక్కుని రిజిస్టర్లో రాయలేను తాతా."
"రాసుకో. అరవై ఏళ్ల సర్వీసు దానిది."

అప్పటికి మత్స్యశాఖ బండి వచ్చింది,
తడిపిన గోనెసంచుల్లో
బతికున్నవి ఏరుతున్నారు,
గాలి తిరిగాక మళ్లీ నీళ్లలో వదలడానికి.
ఇది వేటకి సెలవు కాలం.
ముట్టుకుంటే జరిమానా అని మైకులో చెప్తున్నారు,
కాళ్ల కింద ఏడాది తిండి పాకుతుండగా.

జెరోల్డీన్ వాళ్లమ్మ బకెట్‌తో వచ్చింది.
అడుగున నాలుగు క్రీఫ్‌లు, పైన నిండా సముద్రం.
నావైపు చూసింది.
ప్రభుత్వం జీతమిచ్చే మనిషిని, నేను
సీసా మూతలు లెక్కపెట్టుకున్నాను.

"అమ్మా, ఆ నీళ్లు పారబొయ్యి!"
జెరోల్డీన్ అరిచింది.
"అందులో ఊపిరి లేదు, చచ్చిపోతాయవి!"
బకెట్ వంచేసి, తన స్వెటర్ విప్పి తడిపి
నాలుగింటి మీదా కప్పింది,
చంటిపిల్లలకి కప్పినట్టు.

సంచుల బండి ఎడమన. ఇంటి దారి కుడిన.
తల్లీకూతుళ్లు ఎటు నడిచారో
నేను చూడలేదు.
చూడలేదనే చెప్తాను.

రాత్రి రిజిస్టర్ తెరిచాను.
ప్రాణవాయువు: సున్నా.
గాలి: లేదు.
రిమార్కుల గడిలో చాలాసేపు పెన్ను నిలబెట్టి
రాశాను:
వాసన, నిన్న సాయంత్రం,
అపొల్లిస్.