చుక్కకు ముందు గీత

పుంతా అరెనాస్‌లో ఆ వేళ గాలి.
వీధి పొడవునా కట్టిన తాళ్లు పట్టుకుని
జనం పనుల్లోకి వచ్చారు.
గొర్రె మాంసం ఫ్యాక్టరీ పాత హాజరు పట్టీల ముందు
మిలెంకా, యాభై రెండేళ్ల కొత్త విద్యార్థి.

"చుక్క అంటే ఏ అక్షరమైనా," అన్నాడు నికనోర్,
మాతే గొట్టం నోట్లోంచి తీయకుండానే.
"నక్షత్రం పెడితే ఎన్నయినా. అసలు లేకపోయినా."
రెండూ కలిపి కొట్టింది.
నలభై వేల పేర్లు మీద పడ్డాయి.
"అంత ఆశ పనికిరాదు."

తాత ఇంటిపేరు చివర
గుమాస్తా చెవికి ఒకసారి 'చ', ఒకసారి 'క',
ఒకసారి ఏమీ వినపడలేదు.
రెంటినీ చదరపు బ్రాకెట్లో కూర్చోబెట్టి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది:
ఉన్నా సరే, లేకున్నా సరే.
మా ఇంట్లో ఆయన గురించి చెప్పేదీ అంతే, అంది.

దొరకలేదు.
కంటపడింది ఇంకొకటి:
జూలై నెల, పేరు గడిలో ఒట్టి చుక్క.
కూలి మాత్రం ఇచ్చారు, మూడు రోజులది.
ఇలాంటివాళ్లు ఇంకెందరు?
చుక్క కొడితే అందరూ వస్తున్నారు,
మేస్త్రీతో సహా.

నికనోర్ కెటిల్ కోసం లేచాడు.
మొదట టోపీ, చివర డాలరు,
నడుమ చుక్కకు ముందు
వెనక్కి వాలిన గీత ఒకటి,
గాలి తోసినా తాడు వదలని మనిషిలా.

పదిహేడు.
ఎవరికీ బదులు కాని చుక్కలు.