నలభై శాతం

పొద్దున ఫోను చెప్పింది:
సాయంత్రం నాలుగింటికి రాళ్లవాన, నలభై శాతం.
నర్సంపేట అవతల మా కల్లంల
పదహారు బస్తాల మిర్చి ఎర్రగ పరుచుకొని ఉన్నది.

"నలభై అంటే?" అడిగింది కొంరవ్వ,
కాయలు తిరగేస్తూనే.
ఇట్లాంటి మబ్బు పదిసార్లు పడితే
నాలుగుసార్లు కురుస్తదని చెప్పిన.
"మరి ఇది ఎన్నోసారి?"

రెండింటికి ముప్పై అయింది. మూడింటికి డెబ్బై.
నడుమ ఒక ఎండ బొమ్మ కూడా వచ్చిపోయింది,
ఎనుమాముల యార్డుల ఖరీదుదారు
ధర చెప్పి నాలుక్కరుచుకున్నట్టు.

ఆమె తెర దిక్కు చూడలేదు.
ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది.
గింజ చప్పుడు మెత్తబడిందట.
"పట్టాలు తే."

కప్పినం. అంచుల మీద ఇటుకలు, గుంటుక,
ఆఖరికి సగం నిండిన నీళ్ల డ్రమ్ము.
నాలుగు దాటింది. ఐదూ దాటింది.
రాళ్లు పాకాల దిక్కు పడ్డయని ఎవరో ఫోన్ చేసిండ్రు,
కోడిగుడ్డంత అని.
మాకు ఏడెనిమిది చినుకులు, ఇంత చల్లగాలి.

పట్టా కింద కాయలకు చెమట పట్టింది.
లైటు పెట్టుకొని మళ్లీ విప్పుతుంటే
కొంరవ్వ అన్నది:
"మిగిలిన ముప్పై మన వంతుకొచ్చినట్టుంది.
రేపటిది చూడు."