ముప్పయ్యొకటో నోటుబుక్కు

వాల్‌పరైసో కొండవాలు లిఫ్టుబండిలో
మీట లాగేది ఒర్తెన్సియా.
ఎక్కడం, దిగడం. రోజూ అదే డెబ్భై గజాలు.
ఒక గంట మోగి
ఇంకో గంట మోగేలోగా
ఒక్క లెక్క.

భిన్నాల దగ్గరే మూడేళ్ళు పట్టింది.
తప్పును చెరపదు,
పక్కన తేదీ వేస్తుంది.

భర్త పోయిన వారం
పేజీల్లో లెక్కల్లేవు.
"ఇవాళ పొగమంచు" అని మాత్రం
రోజుకొకటి చొప్పున ఏడుసార్లు.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నాడు
చేపలబుట్టతో ఎక్కిన కుర్రాడు.
"చిల్లర సరిగ్గా ఇవ్వడానికి."
అబద్ధం.
చిల్లర లెక్క ఆమెకు పదేళ్ళప్పుడే వచ్చు.

నిన్ననే బీజగణితం మొదలెట్టింది.
ఎక్స్ ఎంతో
ఇంకా తేలలేదు.
కింద గంట మోగింది.
పెన్సిలు చెవిసందున దోపుకుని
మీట లాగింది.