అరుగుదల

రెండు ఒకటి.
రాసి పెట్టుకోండప్పా.
దామలచెరువు మండీ పిల్లోళ్ళు రెండు,
రేణిగుంట జంక్షనోళ్ళు ఒకటి.
వాన రాకపోతే.
వస్తే ఒకటి సున్నా.

టీ అంగడి వేలాయుధం నవ్వి
గ్లాసులో సగం ఒలకబోసుకున్నాడు.
పోయినేడు ఇదే మొదటి మ్యాచిలో
ఏడు తిన్నారు మనోళ్ళు, ఒకటీ పెట్టలేదు.
"ఏడుకొండలూ ఎక్కించి, గుండు కొట్టించి పంపినారు గదా సామీ,
ఇంగా మొక్కు మిగిలుండాదా?" అంటాడు.
అననీ.
పోయినేడు కూడా నేను మండీనే గెలుస్తాదన్నా.
అది వేరే. అప్పుడు ఆశకొద్దీ చెప్పినా.
ఈసారి చూసి చెప్తా ఉండా.

చిత్తూరు పాత బస్టాండు గోడ పక్కన
ఇరవై ఆరేండ్లుగా నేను చదివేది ఒకటే,
చెప్పు అడుగు.
మనిషి మొగం అబద్ధం ఆడతాది,
మడమ ఆడదు.

చెంగల్రాయులు బూట్లు రెండూ సమంగా అరిగినాయి.
గోలుకీపరువి అట్టా అరిగేది నేను చూడలేదు.
అడిగితే చెప్పినాడు:
మూడు నెలలుగా తోపుల్లో గోనెపట్ట పట్టుకోని
పైనోడు దోటితో తెంపిన కాయకి
అటూ ఇటూ ఉరికేది వాడేనంట.
కింద పడితే కాయ నలుగుతాది,
నలిగితే గుజ్జు ఫ్యాక్టరీ రేటు,
ఆ తేడా వాడి కూలీలో కోస్తారు.
అందుకే బంతిని గుద్దడు వాడు.
రొమ్ముకి తీసుకుంటాడు,
తొడిమె విరక్కుండా.

డిల్లీబాబు బూటు మునివేళ్ళ కాడ నోరు తెరిచింది.
లోపలంతా సొన మరకలు.
లోడెత్తడం అయినాక, రాత్రి పదకొండుకి,
అదే లారీ హెడ్‌లైట్ల ముందర ఆడతారు వీళ్ళు.
బ్యాటరీ దిగిపోతాందని డ్రైవరు తిట్టేదాకా ఆట.
వెలుతురు లేని పక్కనుంచి వచ్చే బంతిని
చెవితో పట్టడం నేర్చినోళ్ళకి
సాయంత్రం నాలుగ్గంటల మ్యాచి ఒక లెక్కా?

మస్తాను ఎడమ బూటు ఒకటే తెచ్చినాడు.
రెండోదానికి దుడ్లు లేవన్నాడు.
లోపలి అంచు మాత్రమే తినింది నేల.
అంటే గీత పట్టుకోని తిన్నగా పోయేవాడు కాదు,
పోతా పోతా లోపలికి కోసుకునే రకం.

ఇంగొక సంగతుండాది. చెప్పకూడదు.
రేణిగుంట జట్టులో కుడి బ్యాకు, ఆ పొడుగాయన,
రెండేండ్ల కింద నా కాడే బూటు కుట్టించినాడు.
ఎడమకి తిరగాలంటే మోకాలు ఒప్పుకోదు ఆయనకి.
అడుగు చూస్తానే తెలిసింది నాకు.
నాకు తెలిసిందని ఆయనకీ తెలిసింది.
పది రూపాయలు ఎక్కువిచ్చి, మొగం తిప్పుకోని పోయినాడు.
నా ముందర విప్పిన చెప్పు
నాకు అప్పజెప్పిన మాట.
మస్తానుకి చెప్పలేదు.
కుట్టు మాత్రం, ఆ లోపలి అంచున,
రెండు వరసలు వేసినా.
అది మోసమేనా?
రాత్రంతా అదే ఆలోచన. తెల్లారే లోపల తెగలేదు.

ఇదిగో, గ్రౌండుకి వచ్చినా. పెట్టె వెంట తెచ్చినా.
మధ్యలో తెగితే ఎవురిదైనా కుడతా,
ఆ పొడుగాయనదైనా.
సున్నం గీతలు ఇంకా ఆరలేదు.
వాళ్ళవి నీలం చొక్కాలు, మడతలు కూడా పోలేదు.
మనోళ్ళవి ఇంట్లో రంగేసుకున్న బనియన్లు,
ఉతికినకొద్దీ బెంగుళూరా కాయ రంగుకి తిరిగినాయి.
పడమట మబ్బు పట్టింది.

వేలాయుధం క్యాను మోసుకోని వచ్చి నా పక్కనే కూచున్నాడు.
రెండు టీలు పోసినాడు. దుడ్లడగలేదు.
"నిజంగానా?" అన్నాడు కొంచేపుండి,
నవ్వకుండా.

అక్కడ గోలు ముందర చెంగల్రాయులు
అరిచేతులు నిక్కరుకి తుడుచుకోని
పైకి చూస్తా ఉండాడు,
ఎవురో కొమ్మ మీద ఉన్నట్టు.