వెలుగు కనబడితే తప్పు

ములుగు రోడ్డు ఐటీఐల
ఫిట్టర్ షెడ్డు, మూడో వైసు నాది.
సర్కారు ఇచ్చినవి లెక్కబెడితే తక్కువేం కావు:
బస్సు పాసు, నీలం యూనిఫాం,
అరల పన్నెండు ఆకురాళ్లు,
ఆలస్యంగనైనా పడే స్కాలర్‌షిప్పు.
మూలకు ఒక కొత్త మిషిను గూడ ఇచ్చిన్రు.
ప్లాస్టిక్ కవరు తియ్యకుండనే
దాని పక్కన నిలబడి ఫొటోలు దిగినం.
నడిపిచ్చే సారు పోస్టు
రెండేండ్ల నుంచి ఖాళీ.

శనివారం శనివారం
కాజీపేట నుంచి ఆటోల వచ్చెటోడు యాకూబ్ సాబ్,
డీజిల్ షెడ్డుల ముప్పై ఆరేండ్లు చేసి దిగిపోయిన మనిషి.
ఎడమచేతి చూపుడు వేలికి కొస లేదు.
మొదటి రోజే ఆ వేలు మా ముందర బెట్టి
"ఇది నా సర్టిఫికెట్" అన్నడు.
ఎవ్వరం నవ్వలేదు.
ఆయనొక్కడే నవ్విండు.

పాఠం చెప్పలేదు.
ఇనుప ముక్కొకటి వైసుకు బిగిచ్చి
"తొందరపడకు బిడ్డా, విను" అన్నడు.
ఆకురాయి సాఫుగ పోతే ఒక తీరు,
జారితే ఒక తీరు అరుస్తదట.
నాకు మూడు వారాలు
రేకుల మీది పావురాలే వినబడ్డయి.
"స్వరూపా, ఏం వినబడుతుంది?"
"పావురాలు సార్."
"మంచిది. అబద్ధమాడలే."

ముక్క సమమయిందా లేదా
మూలమట్టం ఆనించి
కిటికీకెదురుగ పట్టుకొని చూడాలె.
రెంటి నడుమ వెలుగు గీత కనబడిందంటే
ఇంకా పని ఉన్నట్టు.
చిన్నప్పటి సంది వెలుగంటే మంచిదనే విన్న.
వెలుగు కనబడితే తప్పన్న మాట
ఆ షెడ్డులనే విన్న.

మిరపకాయ ఏరుడు మొదలైంది, కూలోళ్లు దొరకలేదు.
పదకొండు రోజులు పోలేదు నేను.
రిజిస్టర్ల నా పేరు పక్కన
ఎర్ర సిరాతోని పదకొండు 'ఏ'లు.
రిజిస్టరు ఎవ్వరి ఇంటికీ రాదు.
పన్నెండో నాడు నర్సంపేట బస్సు దిగి
తండాకు నడుసుకుంట వచ్చిండు యాకూబ్ సాబ్,
చేతిల థర్మాసు, భుజానికి సంచి.
చదువు మాటెత్తలేదు.
బా తన కాలిపోయిన మోటరు స్టార్టరు సంగతి చెప్తే
గట్టు మీదనే విప్పి
నన్ను పిలిచి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చిండు.
గంటన్నర.
కాల్వల నీళ్లు పడ్డంక
బా నా చేతుల దిక్కు చూసిండు,
మిరప మంటకు ఎరుపు, దాని మీద గ్రీజు నలుపు.
"సోమారం బస్సు ఎన్నింటికి?"
అడిగింది నన్ను గాదు, ఆయనను.

అప్రెంటిస్ పథకం ఉన్నదని
ఆఫీసు గోడ మీది కాయితం ఎప్పటి సందో చెప్తనే ఉన్నది.
ఎండకు తెల్లబడ్డ ఆ కాయితం ముందర నిలబెట్టి
నాతోని పైకి చదివిచ్చిండు,
ఒక్కో లైను, ఆగుకుంట.
"ఇది నీ గురించే రాసిన్రు."
గోడ మీది రాతల నేనుంటనని
అప్పటిదాంక అనుకోలేదు.

ఒకనాడు ప్రిన్సిపల్ సారు శాలువ కప్పబోయిండు.
"నేను వస్తున్న గదా అని
ఆ పోస్టు అట్లనే ఉంచకున్రి సార్.
నేను శనివారం మనిషిని.
వీళ్లకు సోమవారం మనిషి కావాలె."
శాలువ మడిచి బల్ల మీద పెట్టి
హైదరాబాదుకు కాయితం రాయిచ్చిండు.
కింద నలభై ఒక్క సంతకాలు మావి.
తర్వాతి ఎండాకాలం సారొచ్చిండు.
మిషిను కవరు తీస్తే
లోపల ఎలుక గూడు.
ఈసారి అందరం నవ్వినం.

ఇప్పుడు నేను మడికొండ కాడ పని చేస్తున్న.
రెండో శనివారం సెలవు,
ఆ పూట షెడ్డుకు పోత.
యాకూబ్ సాబ్ మోకాళ్లు ఆటో ఎక్కనిస్తలేవు,
సాయంత్రం ఫోన్ల అడుగుతడు:
"ఇయ్యాల ఎవరొచ్చిన్రు? ఏం వినబడ్డదట?"

మొగుళ్లపల్లి పిల్లగాడొకడు
ముక్కను కిటికీకెదురుగ పట్టుకొని
నా మొఖం దిక్కు చూస్తున్నడు.
నడుమ వెలుగు, వెంట్రుకంత.
నేనేం అనలేదు.
ఆకురాయి అందిచ్చిన.